షాబాద్ బండ మీద ఐదు మరకలు

దేవరుప్పుల దిక్కు ఊళ్లలో బావి నీళ్లంటే పప్పు ఉడకని నీళ్లు. జాము సేపు పొయ్యి మీద ఉంచినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. తలకు పోసుకుంటే జుట్టు పీచు కడుతుంది. తడి బిందె దించిన చోట, నీళ్లు ఆరాక, ముగ్గుపిండితో గీసినట్టు తెల్లటి గుండ్రటి మరక మిగులుతుంది. ఆ మరకలకు కూడా భయపడాల్సిన రోజు వస్తుందని వెంకటనర్సమ్మ ఏనాడూ అనుకోలేదు.

నైజాం పోలీసులు ఊరి బయట గుట్ట కింద కాంపు వేసి రెండు నెలలైంది. ఆ పొద్దున కావలికారు సారయ్య వాకిట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"భద్రన్నా, పోలీసు అమీన్ సాబు పగటి బువ్వ యాళ్లకు ఇంటింటికి వస్తడట. అర్రలు, కొట్టాలు, వంటిండ్లు సుత చూస్తరట. జర పైలం."

"వంటింట్ల ఏముంటదిరా చూడనీకె?" అన్నాడు వెంకటనర్సమ్మ భర్త భద్రయ్య, నవ్వబోయి నవ్వలేక.

"పక్కూర్ల ఏం దొరికింది? పెంటకుప్ప మీద విస్తరాకులు. ఇంట్ల ఇద్దరే మనుషులు, ఆకులేమో పన్నెండు. ఆ ముసలాయన్ని గుంజకు కట్టేసి కొట్టిన కొట్టుడుకు ఇంకా లేస్తలేడు."

సారయ్య వెళ్లిపోయాడు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఇంట్లో కూడా ఇద్దరే మనుషులు.

నెల రోజులుగా నాలుగైదు రోజులకోసారి, దీపాలు పెట్టే వేళకు, సంగపోళ్లు ఆ ఇంటికి వస్తున్నారు. వెట్టి మీదా దొరల మీదా తిరగబడి అడవి పట్టినవాళ్లు. ఆరుగురో ఏడుగురో పెరటి దారిన వచ్చి, వసారాలో కూర్చుని, తలవంచుకుని తినిపోతారు. ఆకలిగొన్నవాడి కులం అడగొద్దని చిన్నప్పుడు పురాణం చెప్పే అయ్యగారి నోట విన్నది వెంకటనర్సమ్మ. అడగలేదు. తిన్న ఆకులు అప్పుడే పొయ్యిలో పెట్టేది. బూడిద చేనుకు మోసేది. అన్నం కుండలు తోమి బోర్లించేది. అంతా జాగ్రత్తే.

నీళ్ల సంగతే తట్టలేదు. పొద్దంతా నడిచి వచ్చినవాళ్లకు రెండు బిందెల నీళ్లు ఏ మూలకు? అటక మీది ఐదు పెళ్లి బిందెలు దించి, పెరటి బావిలో చేది, వంటింటి గద్దె మీద వరసగా పెట్టేది. తెల్లవారేసరికి మళ్లీ అటకెక్కించేది.

ఆదరాబాదరాగా వంటింట్లోకి వచ్చి చూసింది. ఆ గద్దె మీద పరిచింది ఐదు మూరల షాబాద్ బండ. తండ్రి జనగామ స్టేషన్ నుంచి బండి కట్టించి తెచ్చిచ్చిన నున్నటి రాయి. రోజూ వాడే రెండు బిందెలు ఒక కొసన ఉన్నాయి. మిగతా బండంతా ఖాళీ. ఆ ఖాళీ మీద, కళ్లు తెరుచుకుని చూస్తున్నట్టు, ఐదు తెల్లటి గుండ్రటి మరకలు.

"ఏందయ్యా గిది?" అన్నది.

భద్రయ్య చూశాడు. వేలితో గీరాడు. గోరు అరిగింది గానీ మరక కదల్లేదు. "బిందెలు కిందికి దించి పెడుదమా, మరకల మీద?"

"ఇద్దరికి ఏడు బిందెల నీళ్లెందుకంటే ఏం చెప్తవు?"

భద్రయ్య లేచాడు. వాకిట్లోకి పోయి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసి వచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు.

వెంకటనర్సమ్మ ఇత్తడి తోమితే అద్దంలో చూసుకున్నట్టు ఉంటుందని వాడకట్టంతా పేరు. ఆ చేతికి తెలిసిన మందు ఒక్కటే. పాత చింతపండు పిసికి, బూడిద కలిపి మరకల మీద పట్టించింది. బండ మీద సన్నగా నురగ పొంగింది. కాసేపాగి నీళ్లు కొట్టి తుడిస్తే తెలుపు పోయింది. తడి బండ నల్లగా మెరిసింది. "నర్సింహస్వామీ, కాపాడినవు తండ్రీ" అని దేవుని గూటి వైపు తిరిగి దండం పెట్టింది.

దండం పెట్టి తిరిగేసరికి బండ ఆరుతున్నది. ఆరిన కొద్దీ మరకలు మళ్లీ లేస్తున్నాయి. ఈసారి పైన కట్టిన పొర కాదు. పులుపు రాయి నునుపునే తినేసింది. ఐదు చోట్ల బండ పొక్కిపోయి, బూడిదరంగులో, వేలు పెడితే గరుకుగా తగులుతున్నది. ఇందాక దగ్గరికొస్తేనే కనిపించినవి ఇప్పుడు గడపలోనుంచే కనిపిస్తున్నాయి.

ఆమె చేతిలో గుడ్డ పక్కన పడేసింది. గద్దె కిందే కూలబడింది. అన్నం పెట్టడం పుణ్యమే అయితే, దాని గుర్తులు ఎందుకిట్ల చెరుపుకోవాల్సి వస్తున్నది స్వామీ? గూట్లో స్వామి ఎప్పటిలాగే చూస్తున్నాడు.

"రాయి సంగతి వడ్డెరోళ్లకే తెలుస్తది. బుచ్చమ్మను పిలుస్త" అన్నాడు భద్రయ్య.

"ఆమె మొగడు కాంపు రోడ్డుకు కంకర కొడుతున్నడు కదయ్యా! పొద్దుగూకేసరికి జవాన్ల చెవుల పడదా?"

"మరేం జేద్దాం చెప్పు!"

ఆమె మరకల వైపు మరోసారి చూసి, పొమ్మన్నట్టు తలూపింది.

వడ్డెర బుచ్చమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి లోపలికి తొంగిచూసింది. ఒక్కొక్క మరక మీదా ఆమె చూపు ఆగి ఆగి నడవడం వెంకటనర్సమ్మ కనిపెట్టింది. లెక్కపెడుతున్నదని తెలిసింది.

"షాబాద్ బండకు చింతపండు రుద్దినవా నర్సవ్వా?" అన్నది బుచ్చమ్మ. అంతకుమించి ఏమీ అడగలేదు.

"మరకలు పోతయనుకున్న."

"ఇత్తడికి మందు, గీ రాయికి ఇసం. గిది సున్నపురాయికి చెల్లె. పులుపు తాకితే కరుగుతది. నల్లరాయైతే ఏం గాకుండె." బుచ్చమ్మ గడప అవతలే నిలబడి ఉంది. "మరి నేను లోపలికి రావచ్చునా, గీడికెళ్లే చెప్పాల్నా?"

ఇంటివాళ్లు తప్ప, అదీ స్నానం చేసినవాళ్లు తప్ప, దేవుని గూడున్న ఆ వంటింట్లో ఇంకెవరూ కాలు పెట్టలేదు. సంగపోళ్లకు కూడా వసారాలోనే వడ్డించింది. వెంకటనర్సమ్మ ఒక్క క్షణం తటపటాయించింది.

బుచ్చమ్మ నవ్వింది. "గీ బండ పరిచింది మా అయ్యనే గదా నర్సవ్వా. మూడొద్దులు గీ వంటింట్లనే పండి లేచిండు. అప్పుడు ఏ మైలా రాలె. బండ పరుసుడు అయినంకనే వచ్చింది మైల."

వెంకటనర్సమ్మకు మొహం కందిపోయింది. "రా బుచ్చమ్మా" అన్నది.

"మరకల మీదనే రుద్దితే గుంటలు పడుతయి. బండ మొత్తం రుద్దాలె. సన్నిసుక జల్లెడ పట్టుకరా. సానరాయి తెచ్చిన నేను."

బిందెలు రెండూ కింద పెట్టి, తడి ఇసుక చల్లి, ఒక కొసన ఆమె సానరాయితో, ఇంకో కొసన ఈమె చదును రాతిముక్కతో రుద్దడం మొదలుపెట్టారు. వాకిట్లో నీడ కురుచవుతున్న కొద్దీ వెంకటనర్సమ్మ చెయ్యి తొందరపడింది.

"ఉరుకకు. చారలు పడుతయి. నిమ్మళంగ, సుట్టుతిప్పు" అన్నది బుచ్చమ్మ. చేతులు మండాయి. ఒకటి, రెండు, మూడు మరకలు బండలో కలిసిపోయాయి. నాలుగోది కలిసింది. ఐదోదాన్ని ఇద్దరూ కలిసి రుద్దారు. కడిగి, పొడి బట్టతో ఒత్తి, ఆముదం పట్టించారు. బండంతా ఒకే తీరు నల్లబడింది.

బిందెలు మళ్లీ గద్దె మీదికి ఎత్తుతుండగానే వాకిట్లో బూట్ల చప్పుడైంది.

అమీన్ సాబు ఇద్దరు జవాన్లతో లోపలికి వచ్చాడు. పొయ్యిలో కర్రతో కెలికాడు. బోర్లించిన కుండలు లెక్కపెట్టించాడు. గద్దె దగ్గర ఆగి, బండ మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు నూనెతో మెరిసింది.

"క్యా హై యే? ఇయ్యాల్నే రుద్దిన్రు? నేను వస్తున్ననని తెల్సినంకనేనా?"

వెంకటనర్సమ్మ దేవుని గూటి వైపు చూసింది. ఆ గూటి ముందర నిలబడి అబద్ధం చెప్పడం ఆమెకు ఈ జన్మలో చేతకాదు.

"మా బావి నీళ్లకు పప్పు సుత ఉడకది దొరా. బిందెల మరకలు కట్టినయి. మీరు చూస్తే బాగుండదని చింతపండు పెట్టి తోమిన. బండంతా ఖరాబైంది. గందుకే గీమెను పిలిపించుకున్న" అన్నది. ఒక్క ముక్కా కల్పించలేదు.

అమీన్ సాబు ఆమె మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. అంతలో బుచ్చమ్మ ఇసుక చేతులు దులుపుకుంటూ గట్టిగా అందుకుంది.

"చెప్పుకుంటే సిగ్గు పోతది సర్కారు! ఇంత వయసచ్చింది, షాబాద్ బండకు చింతపండు రుద్దుతదా ఎవలన్నా? ఇగ రేపు మొగని బట్టతలకు సుత రుద్దుతదేమో, మెరుస్తదని!"

జవాన్లలో ఒకడు ఫక్కున నవ్వాడు. భద్రయ్య తల తడుముకున్నాడు. అమీన్ సాబు నవ్వలేదు. వేలిని గోడకు తుడుచుకుని, రెండు బిందెల వైపు మరోసారి చూసి, బయటికి నడిచాడు.

బూట్ల చప్పుడు వాడకట్టు దాటేదాకా ముగ్గురూ కదల్లేదు. తర్వాత వెంకటనర్సమ్మకు తన మాటే గుర్తొచ్చింది. నిజమే చెప్పింది. మరి ఆ నిజంతోనే ఒకర్ని ఏమార్చింది కదా, అది ఏ ఖాతాలోకి పోతుందో స్వామికే తెలియాలి. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. బుచ్చమ్మ ఐదూ లెక్కపెట్టుకుని పోయింది.

ఆ రెండు రోజులూ ఆమెకు కాంపు వైపు నుంచి కంకర కొట్టే చప్పుడు వినిపించినప్పుడల్లా చెవులు అటే పోయాయి.

మూడో రోజు పొద్దున పెరటి దారిన బుచ్చమ్మ వచ్చింది. నెత్తి మీద బరువైన గంప. దించి, పైన కప్పిన గడ్డి తీసింది. గంపలో నల్లరాతి పలకలు, ఒక్కొక్కటీ బిందె అడుగంత.

"నల్లరాయి. నీళ్లకు మరక కట్టినా నీ చింతపండుతోని తోముకోవచ్చు, ఏం గాదు. బిందెల కింద పెట్టుకో. పని అయినంక బట్టలుతికే కాడ పడేస్తే ఎవలడుగుతరు?" కొంగుతో మొహం తుడుచుకుంది. "కాంపోళ్ల గుట్ట రాయే. మా ఇంటాయన ఏరి చెక్కిండు."

వెంకటనర్సమ్మ పలకలు లెక్కపెట్టింది. సరిగ్గా ఐదు.

గంపకు ఒక పక్క తాను చెయ్యేసింది. "పట్టు బుచ్చమ్మా, లోపలికి తెద్దాం" అన్నది.