ధ్యానానికి ఇంకో పావుగంట

కళ్లు మూసుకుని దేవుడి ముందు కూర్చున్న మనిషిని ఎవరూ పిలవరన్న సంగతి ఆమెకు పెళ్లయిన పదిహేడేళ్లకు తెలిసింది. అదీ పొరపాటున. కూతురు స్కూలుకు వెళ్లాక, తను టైలరు షాపుకు బయలుదేరే లోపల, పటం ముందు రెండు నిమిషాలు కూర్చుని దణ్ణం పెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు దణ్ణం మధ్యలోనే కునుకు పట్టింది. ఉలిక్కిపడి గడియారం చూస్తే పావుగంట గడిచిపోయింది. వెనక్కి తిరిగితే భర్త, ఊడిన గుండీ అరచేతిలో పెట్టుకుని, చప్పుడు చేయకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కానివ్వు, కానివ్వు. తొందరేం లేదు," అన్నాడు.

పదిహేడేళ్లలో ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు.

షాపులో చొక్కాలకు కాజాలు కుడుతూ ఆమె దాని గురించే ఆలోచించింది. తను కుర్చీలో కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త..." అని మొదలవుతుంది. మంచం మీద నడుం వాలిస్తే అత్తగారికి మందుల డబ్బా గుర్తొస్తుంది. స్నానానికి వెళ్లినా తలుపు కొట్టి తువ్వాలు ఎక్కడుందని అడుగుతారు. మరి ఇక్కడ మాత్రం ఎందుకు అడగలేదు? ఎంత దాకా అడగరు? గుడ్డ కొలిచినట్టు కొలిచి చూడాలనిపించింది. మర్నాడు పావుగంట కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఆ మర్నాడు ఇరవై నిమిషాలు. మధ్యలో కుక్కర్ కూత పెడితే అత్తగారే లేచి వెళ్లి స్టవ్ కట్టేశారు! వారం తిరిగేసరికి అరగంటయింది. గోడకు వీపు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరికీ ఏమీ కాకుండా కాసేపు మాయమైపోవడం ఎంత హాయో ఆమెకు కొత్తగా తెలుస్తోంది. కళ్లు బరువెక్కే ముందు మాత్రం మనసులో ఒక ముల్లు కదిలేది. 'స్వామీ, నీ పేరు చెప్పి కునుకు తీస్తున్నాను. ఇది అబద్ధమేనంటావా? కోప్పడతావా, నవ్వుకుంటావా?'

అడుగుతూ అడుగుతూనే కునుకులోకి జారిపోయేది.

ఈ లోపు పేరొచ్చేసింది. "మా కోడలు కూర్చుందంటే ఇక లోకం తెలీదమ్మా. ఊపిరి గురకలా వినిపిస్తుంది, అదేదో యోగమనుకుంటా," అని అత్తగారు పక్కింటావిడతో చెప్పడం విని ఆమె చెవులు వేడెక్కాయి.

పేరుతో పాటు పనీ వచ్చింది.

"ఎలాగూ కూర్చుంటున్నావు, నా మోకాళ్ల సంగతి కాస్త ఆయన చెవిన వెయ్యవే అమ్మాయ్," అన్నారు అత్తగారు.

"అమ్మా, రేపు లెక్కల పరీక్ష. నాకోసం ఐదు నిమిషాలు ఎక్కువ," అంది కూతురు.

"నా బదిలీ ఆగేట్టు చూడు," అన్నాడు భర్త, గుమాస్తాకు కాగితం అప్పగించినట్టు.

అనుకోకుండా బదిలీ ఆగింది. ఆ సాయంత్రం అతను చెప్పులైనా విప్పకుండా, "నీ ధ్యానం పనిచేసింది! ఇంకో పావుగంట పెంచు. షాపుకు ఆలస్యమవుతుందంటావా, నాలుగున్నరకే లేచి వంట కానిచ్చేసుకుంటే సరి," అన్నాడు. అది చాలా తేలికైన ఉపాయమన్నట్టు అత్తగారు తలూపారు.

నాలుగు రోజులు అలాగే లేచింది. ఐదోరోజు షాపులో ఎడమ పక్క కుట్టాల్సిన కాజాలు వరసగా ఆరూ కుడి పక్కన కోసి కుట్టేసింది. టైలరు మాస్టారు ఆ చొక్కా పైకెత్తి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"మగాయన చొక్కా ఆడవాళ్లది చేసేశావు కదమ్మా! రాత్రిళ్లు నిద్రపోవట్లేదా ఏంటి?"

"ధ్యానం ఎక్కువైంది మాస్టారూ," అంది. అన్నాక తనకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆశ్చర్యం మిగిలింది. కునుకు కోసం మొదలుపెట్టిన ధ్యానానికి ఇప్పుడు ఉన్న నిద్ర కాస్తా ఇచ్చుకుంటోంది. ఇంట్లో అందరూ ఏదో ఒకటి అడిగారు. ఇన్నాళ్లూ తనను ఏమీ అడగనివాడు పటంలో ఉన్న ఆయనొక్కడే. అలాంటివాడి వెనక దాక్కోవడమేమిటి? అసలు దాక్కోవాల్సినంత తప్పు తనేం చేసిందని?

మర్నాడు మునుపటిలా ఆరింటికే లేచింది. కూతుర్ని పంపించాక పటం ముందు రెండు నిమిషాలు కూర్చుంది. ఎవరి తరఫునా ఏమీ అడగలేదు. దణ్ణం పెట్టి లేచి, చాపా దిండూ తెచ్చి, హాల్లో ఫ్యాను కింద పరుచుకుని పడుకుంది.

గడ్డం గీసుకుంటున్న భర్త సగం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి ధ్యానం?"

"అయిపోయింది."

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఒళ్లు బాగున్న మనిషి పొద్దుటిపూట నట్టింట్లో పడుకోవడమేమిటే?"

ఆమె దిండు సర్దుకుని, గోడ వైపు ఒత్తిగిలింది.

"ఎలా ఉంటుందో చూద్దామని, అత్తయ్యా."