ఐసులో పెట్టిన మందు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ఆరుగురం. వసారాలో పేపరుతో తాతయ్య పూర్ణచంద్రరావు. బొడ్లో తాళంచెవుల గుత్తితో నానమ్మ రావమ్మ. రాజీవ్ బాబాయి, పిన్ని, వాళ్లమ్మాయి లిఖిత. ఆరో మనిషిని నేను, వర్షిణిని. అమ్మానాన్న ముందురోజే గుడివాడ వెళ్లారు. వాళ్లుంటే నేను నోరు తెరిచేదాన్ని కాను. మాట గొంతులోకి రాకముందే అమ్మ కళ్లతో ఆపేసేది.

మా ఊరు ముదినేపల్లి దగ్గర. ఒకే ఆవరణలో రెండు వాటాలు. ముందు వాటాలో మేమూ తాతయ్యా నానమ్మా, వెనక వాటాలో బాబాయి వాళ్లు. బాబాయికి చేపల చెరువులున్నాయి, చేపల్ని ఐసులో సర్ది లారీలకెక్కించే ప్యాకింగ్ షెడ్డు ఉంది.

లిఖితకు పదేళ్లు. నాలుగు నెలల కిందట స్కూల్లో పడిపోతే షుగర్ అని తేలింది. తాతయ్యకున్న రకం కాదు, చిన్నపిల్లలకు వచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. ఉదయం, సాయంత్రం సూదితో ఇవ్వాల్సిందే. మూడు నెలలు బాగానే నడిచింది. మే నెలలో చెడింది. డాక్టరు మందు పెంచినా మీటరులో అంకె నాలుగు వందల కిందికి దిగడం లేదు. పిల్ల చెంబులు చెంబులు నీళ్లు తాగుతోంది. రాత్రి పక్క తడుపుతోంది. గౌను భుజాల మీంచి జారిపోతోంది.

దొంగతనంగా తింటోందని ఇంట్లో తేల్చేశారు. నానమ్మ పంచదార, బెల్లం, అరటిపళ్లు, చివరికి మరమరాల డబ్బా కూడా బీరువాలో పెట్టి తాళం వేసింది. పరుపు కింద వెతికింది, దిండు గలీబు తిరగేసి దులిపింది. "ఏం మింగావే, నిజం చెప్పు" అని పిన్ని రెండుసార్లు కొట్టింది కూడా. మొదట్లో లిఖిత "నేనేం తినలేదు" అని ఏడ్చేది. తర్వాత ఆ మాట అనడం మానేసింది.

బందరులో నెలకో శనివారం ఇలాంటి పిల్లలకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ తరగతి పెడతారు. బాబాయి ఎప్పుడూ రాలేదు. "మందు తెచ్చి పడేస్తన్నాగా. పాఠాలు కూడా వినాలా నేను?" అంటాడు. అందుకే ముందురోజు శనివారం పిన్ని నన్ను తోడు తీసుకెళ్లింది. తరగతి సగం నడిచేసరికి లిఖితను మూడుసార్లు బాత్రూముకు తీసుకెళ్లాల్సి వచ్చింది. అసలు మాట చెప్పిన సమయానికి పిన్ని గదిలో లేదు. నేనున్నాను.

పాఠం చెప్పే సుచిత్ర గారు రెండు సీసాలు పైకెత్తి చూపించారు. ఒకటి పాలలా ఉంది. రెండోదాని గోడలకు తెల్లటి పలుకులు అంటుకున్నాయి.

"ఇది గడ్డకట్టి కరిగిన మందండీ. ఇది ఎక్కించినా నీళ్లు ఎక్కించినా ఒకటే. కరెంటు పోయిందని ఎవరూ ఐసులో పెట్టకండి. కుండలో నీళ్లు పోసి, డబ్బాలో మందు పెట్టి అందులో దించండి, చాలు. ఎవరైనా ఐసులో పెడుతున్నారా?"

మేం పెడుతున్నాం. మే నెలలో కరెంటు కోతలు మొదలవగానే బాబాయి షెడ్డు నుంచి థర్మోకోల్ పెట్టె తెచ్చాడు. రోజూ పొద్దున్నే అందులో పొడిచేసిన ఐసు నింపి, పైన గుప్పెడు కల్లుప్పు చల్లి, మధ్యలో మందు సీసా గుచ్చుతాడు. దూరం వెళ్లే లోడుకు ఐసులో అలాగే ఉప్పు వేస్తారు. చల్లదనం ఇంకా పెరుగుతుంది, మధ్యలో ఉన్నది గడ్డకట్టేస్తుంది. ఆ పెట్టెను వచ్చినవాళ్లందరికీ మూత తీసి చూపించేవాడు.

గదిలో ఇరవైమంది ఉన్నారు. నా చెయ్యి లేవలేదు. నోటుబుక్కులో రాసుకుని తల దించుకున్నాను. తరగతి అయ్యాక పిల్లలకు ఒక్కో కొత్త మందు సీసా ఇచ్చారు. ఇంటికొచ్చే బస్సులో కూడా పిన్నితో చెప్పలేదు. ఒకసారి చూసి చెబుదామనుకున్నాను. చెప్పడానికి భయమేసి అలా అనుకున్నానేమో కూడా.

ఆదివారం ఏడింటికి వెనక వాటాలోకి వెళ్లి పెట్టె మూత తీశాను. సీసా ఐసుకు అతుక్కుపోయింది. ఊడదీసి అరచేతుల మధ్య దొర్లించాను. లోపల గడ్డ. కరిగాక పలుకులు తేలాయి, బందరులో చూసినట్టే.

పిన్ని వంటింట్లో సిరంజి తీస్తోంది. సీసా చూపించి ఉన్నదంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆపి సిరంజి పక్కన పెట్టింది.

"మరి నేను దాన్ని కొట్టానే" అంది.

పెరట్లోకెళ్లి సుచిత్ర గారికి ఫోన్ చేశాం. ఆవిడ నిదానంగా చెప్పారు. "నిన్న ఇచ్చిన కొత్త సీసా వాడండి. పెంచిన డోసు కాదు, మొదట్లో వేసిన డోసే వేయండి. డాక్టరు గారితో ఇప్పుడే మాట్లాడి మళ్లీ చేస్తాను. రెండు గంటలకోసారి చూడండి. మంచి మందు పడితే షుగర్ బాగా దిగిపోవచ్చు. చెమటలు పట్టినా, చేతులు వణికినా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టాలి. పంచదార పక్కనే ఉంచుకోండి. వాంతులైతే మాత్రం ఆగకుండా తీసుకొచ్చేయండి." పది నిమిషాల్లో మళ్లీ చేసి, డాక్టరు గారు కూడా అదే చెప్పారన్నారు.

కొత్త సీసా ఇంకా పిన్ని హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ముందు మీటరు చూసింది, నాలుగు వందల అరవై ఎనిమిది. తర్వాత సూది వేసింది.

"బాబాయికి చెప్పు పిన్నీ" అన్నాను.

"నేనా?" అంది. ఆ తర్వాత నా మొహం చూడలేదు.

చెప్పక తప్పదు. పదకొండింటికి వాళ్లు లిఖితను తీసుకుని హంసలదీవి వైపు బయల్దేరుతున్నారు. అక్కడొకాయన చెట్ల వేళ్ల మందు ఇస్తాడట. నలభై రోజులు వాడాలి, ఆ నలభై రోజులూ సూది ముట్టకూడదు. సూది ఆపితే ఈ రకం షుగర్ ఉన్న పిల్లలకు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందని నిన్న నా నోటుబుక్కులో రాసుకున్నాను, కింద రెండు గీతలు కూడా గీశాను.

బాబాయి వాకిట్లో కారు అద్దాలు తుడుస్తున్నాడు.

"బాబాయ్, లిఖిత దొంగతనంగా తినట్లేదు. ఐసులో గడ్డకట్టి మందు చెడిపోయింది."

గుడ్డ ఆగింది. "ఏంటే?"

మళ్లీ చెప్పాను.

"ఐసు గురించి నాకు చెప్తన్నావా నువ్వు? నా ఐసులో నాలుగు రోజులు కలకత్తా పోయిన చేప, మొప్ప ఎర్రగా ఉంటది. బొటనవేలంత సీసా చెడుద్దా?"

"చేప గడ్డకట్టినా ఫర్వాలేదు బాబాయ్. మందు..."

వసారాలోంచి నానమ్మ నవ్వింది. "ఇంటరు గట్టెక్కకుండానే డాక్టరమ్మ అయిపోయిందండోయ్ మన వర్షిణి! మొన్నటిదాకా చుట్టాలొస్తే తలుపు చాటుకెళ్లేది."

"బందరులో సుచిత్ర గారు చెప్పారు నానమ్మా."

"ఏ సుచిత్ర?"

తాతయ్య పేపరు దించకుండానే అన్నాడు. "అబ్రహాము కూతురు. మన పెద్ద చెరువుకి కాపలా ఉండేవాడు చూడు."

"ఓరి నాయనో! మన గట్టు మీద గంజి తాగి పెరిగింది, ఇవాళ మన పిల్లకి మందెట్టా పెట్టాలో మనకే చెప్పుద్దా? గారంట, గారు!"

"ఇరవై ఏళ్ల నుంచీ నాకూ ఉంది షుగరు" అన్నాడు తాతయ్య. "ఏ పాఠానికీ పోలేదు. చచ్చానా?"

"తాతయ్యా, నీది వేరు. దానికి సూది ఆపితే చచ్చిపోద్ది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆవరణంతా వినబడేంత గట్టిగా వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ లిఖిత కూడా విన్నది. బాబాయి గుడ్డ విసిరేసి నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"ప్రయాణమయ్యే ముందు అదేనా నోటెంట వచ్చే మాట? ఎవరి పిల్ల అనుకున్నావే అది? పో, మీ వాటాలోకి పో. పదకొండింటికి బయల్దేరతన్నాం. అడ్డమొచ్చావంటే మీ నాన్న ముందే తంతాను."

నేను పోలేదు. అక్కడే అరుగు అంచున కూర్చున్నాను. రెండు గంటలకు పైగా అలాగే ఉన్నాను. నానమ్మ నా పక్కనుంచి నడిచినప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉంది. సంచులు కారెక్కాయి.

పదకొండింటికి పిన్ని మీటరు పట్టుకుని బయటికొచ్చింది. ఎవరినీ చూడకుండా బాబాయి చేతిలో పెట్టింది.

"రెండు వందల నలభై ఒకటండీ" అంది. "పొద్దున నాలుగు వందల అరవై ఎనిమిది. ఐసు పెట్టెలోది వెయ్యలేదు. నిన్నటి సీసా వేశాను."

బాబాయి ఆ అంకెను చూశాడు. అతని మెడ మీదినుంచి చెవులదాకా ఎర్రబడింది. నెల రోజులుగా రోజూ పొద్దున్నే తన చేత్తోనే ఉప్పు చల్లాడు.

తాతయ్య పేపరు మడిచాడు. "బండి లోపల పెట్టరా, రాజీవ్."

బాబాయి లోపలికెళ్లి పెట్టె తెచ్చి వాకిట్లో విసిరికొట్టాడు. ఐసు నా కాళ్లదాకా దొర్లింది.

"తృప్తిగా ఉందా?" అన్నాడు నాతో. "కన్నకూతురికి నేనే విషం పెట్టానని ఊరంతా తెలియాలి. అంతేగా నీక్కావల్సింది?"

"కాదు బాబాయ్..."

"ఇంటి గుట్టు ఫోన్లో పరాయోళ్లకి చెప్పే పిల్ల" అంది నానమ్మ. "మొగుడికి చెప్పకుండా సూదేసే కోడలు. సరిపోయారిద్దరూ." లిఖితతో తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. బాబాయి, పిన్ని, లిఖిత వాళ్ల వాటాలోకి వెళ్లిపోయారు.

అప్పుడు పంచదార గుర్తొచ్చింది. అంకె దిగుతోంది. ఇంకా దిగితే? ఉన్నదంతా నానమ్మ బీరువాలో ఉంది.

"నానమ్మా, కాస్త పంచదార ఇవ్వు. లిఖితకి పక్కన పెట్టాలి."

నానమ్మ తాళాల గుత్తి గుప్పిట్లో బిగించింది. "షుగరు పిల్లకి పంచదారా? పొద్దున్నుంచి వాగింది చాల్లేదా?"

వీధి చివర కొట్టుకు పరుగెత్తి పొట్లం కట్టించుకుని వెనక వాటా తలుపు కొట్టాను. బాబాయి తీశాడు. అతని వెనక మంచం మీద లిఖిత కూర్చుని ఉంది.

"మళ్లీ ఏంటి?"

"పంచదార బాబాయ్. షుగర్ మరీ పడిపోతే నీళ్లలో కలిపి ఇవ్వాలి. చెమటలు పడితే. మూడు చెంచాలు."

"నువ్వు నా గడప తొక్కొద్దు" అన్నాడు. "ఇవాళ కాదు, ఎప్పుడూ."

అతని మోచేతి కిందనుంచి పిన్ని చెయ్యి బయటికొచ్చింది. నా చేతిలోని పొట్లం లాక్కుంది. నా వైపు చూడలేదు. బాబాయి ఆ చేతిని చూశాడు, అది లోపలికి వెళ్లేదాకా ఆగాడు. నా మొహం మీద తలుపేశాడు.