రంగు ఎక్కడికి పోయింది?

“రంగునీళ్ళతో ఆడుకోడానికి ఇంత చదువెందుకమ్మా!” అంది అత్తగారు, కోడలు పొయ్యిగట్టు తుడుస్తుంటే. పేపరు చదువుతున్న మొగుడు పకపకా నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా గుడ్డ పిండి ఆరేసి ల్యాబుకు పరుగెత్తింది. ఆ రంగునీళ్ళే ఈరోజు తన పేరు నిలబెట్టాలి.

ఏళ్ళ తరబడి కొలిమి దగ్గర కాచుకు కూర్చుని తయారుచేసిన నల్లపొడి అది. బొగ్గు మీద ఇనుప పరమాణువులు దేనికది విడిగా నిలబడాలి. వేడి తొందరపడిందా, అన్నీ గుంపుగూడి ముద్దయిపోతాయి. విడిగా నిలబడితే మాత్రం, కాస్త పెరాక్సైడు తోడైతే చాలు, అద్దకాల ఫ్యాక్టరీ వదిలిన రంగునీళ్ళలోని విషాన్ని తునాతునకలు చేస్తాయి. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు భలే సంబరం. ఇంట్లో ఎవరికి చెప్పుకుంటుంది?

ఫ్యాక్టరీవాళ్ళు, నీటిసరఫరా ఇంజనీరమ్మ ఆ పొడి పనితనం చూడటానికి ల్యాబుకు వచ్చారు. “నువ్వు కాఫీలు చూసుకోమ్మా, మర్యాదలు నీకు బాగా తెలుసు. మాట్లాడ్డం మనవాడు చూసుకుంటాడు,” అన్నాడు ల్యాబు పెద్దసారు. మనవాడంటే నిరుడు చేరిన జూనియరు. కొలిమి మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు మహానుభావుడికి! ఆమె ట్రే అందుకుంది. అందుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

జూనియరు ఎర్రటి నీళ్ళలో పొడి వేసి కలిపాడు. పెరాక్సైడు మర్చేపోయాడు. అయినా వడగడితే నీళ్ళు తేటగా దిగాయి. “చూశారా, విషం నాశనం!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం నాశనం, నీ మొహం! బొగ్గు రంగును పీల్చుకుంది, అంతే. రేపు ఈ పొడి కాలవలో పారేస్తే విషమంతా మళ్ళీ నీళ్ళలోకే. నోరు మూసుకుంటే ఈ పూట గడిచిపోతుంది. ‘నువ్వెందుకు మధ్యలో?’ అని మొగుడు ఎప్పుడూ అనే మాట చెవిలో గింగురుమంది. మధ్యలో ఏమిటి, మొదట్నుంచీ ఉన్నది నేనే కదా!

ట్రే బల్ల మీద పెట్టేసింది. “అది పోలేదండీ, దాక్కుంది.” వడపోత కాగితంలో మిగిలిన పొడి మీద ఆల్కహాలు పోసింది. కింది గ్లాసులోకి ఎర్రటి చుక్కలు బొటబొటా కారాయి.

“ఏంటమ్మా ఇది, పరువు తీస్తావా?” పెద్దసారు పళ్ళు నూరాడు.

ఆమె పట్టించుకోలేదు. కొత్త నీళ్ళు, కొత్త పొడి, ఈసారి పెరాక్సైడు. రంగు పోయాక ఆ పొడి మీదా ఆల్కహాలు పోసి చూపించింది. చుక్క ఎరుపు లేదు.

ఇంజనీరమ్మ ముందుకు వంగింది. “ఎవరు చేశారిది?”

“మేమంతా కలిసి...” మొదలెట్టాడు పెద్దసారు.

“కాదు సార్,” అంది ఆమె. “చేసింది నేను. ఇకమీదట చెప్పేదీ నేనే.”