డ్రమ్ముల వెనక ముఖం

మర్నాడు ఉదయం మా మరదలి కుడి మణికట్టుకి ఆపరేషన్. లోపల పెరిగిన గడ్డను తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు, వేళ్ల పట్టు మాత్రం తిరిగి రాకపోవచ్చన్నారు. పందొమ్మిదేళ్లుగా ఆమె ఒకే బ్యాండులో డ్రమ్స్ వాయిస్తోంది. ఆ బ్యాండుకి ఫొటోలు తీసేది నేనే. అయినా వాయిస్తున్న ఆమె ముఖం ఒక్క ఫొటోలోనూ సరిగా పడలేదు. దీపాలన్నీ ముందు నిలబడి పాడేవాడివి. వెనక్కి చేరేది అతను వాడగా మిగిలిన వెలుతురు.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, అంత లెన్సెందుకు బావా?" అంది ఆ రోజు కచేరీకి స్టేజీ ఎక్కేముందు.

"నిన్ను తియ్యడానికే."

"అక్క ఉంటే నవ్వేది. మీ పెళ్లి ఫొటోల్లో కూడా నేను సగమే పడ్డాను."

నా భార్య పోయి నాలుగేళ్లు. ఆమె మాట నవ్వుతూ ఎత్తేది ఈ మరదలొక్కతే.

మధ్యాహ్నమే అయినా తలుపులు మూసేసరికి హాలు నుయ్యిలా అయింది. ఫ్లాష్ కూడదు. మూడు పాటలయ్యాక ఫొటోలవాళ్లు ఎవరైనా సరే స్టేజీ ముందునుంచి వెళ్లిపోవాలని ఆ హాలు నియమం. ఆ మూడు పాటలూ ఊపిరి బిగబట్టి నొక్కుతూనే ఉన్నాను. తర్వాత కెమెరా తెరమీద పెద్దవి చేసి చూశాను. చీకట్లో కెమెరా తనంతట తాను మెరిసేదాన్ని వెతుక్కుంది. ప్రతి ఫొటోలోనూ డ్రమ్ముల మీది ఇత్తడి పళ్లెం, ఆ సింబల్ అంచు సూదిమొనలా ఉంది, దాని వెనక ఆమె ముఖం ఆవిరి పట్టిన అద్దంలోలా ఉంది. ఇన్నేళ్ల పనివాణ్ని, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలన్న సంగతే మరిచాను.

కాపలా మనిషి భుజం తట్టాడు. "మూడైపోయాయి సార్."

"ఒక్కటే. ఇంకొక్క పాట."

"అందరూ ఒక్కటే అంటారు సార్."

"రేపు ఆ డ్రమ్స్ వాయించే ఆవిడ చెయ్యి కోస్తున్నారు. మళ్లీ వాయించలేదేమో."

అతను స్టేజీ వైపు చూశాడు. "నేను పక్కతలుపు దగ్గర నిలబడాలి. నా వెనక ఎవరున్నారో చూసే అలవాటు నాకు లేదు."

గుడ్డిలో మెల్ల. అతని వెనక చేరి పక్కనుంచి చూస్తే సింబల్ అడ్డు లేదు. ఫోకస్ తిప్పి ఆమె కనురెప్ప మీద ఆపాను. పైకి లేచిన కర్ర దిగేముందు రెప్పపాటు ఆగుతుంది, అక్కడ నొక్కాలి. భుజం గోడకు ఆనించాను. తిరుగుతున్న దీపం ఒక్కసారి ఆమె చెంపను తాకింది. నొక్కాను. అంతే, ఆ దీపం మళ్లీ అటు రాలేదు.

కచేరీ అయ్యాక, గ్రీన్‌రూములో చూపించాను. ముఖం స్పష్టంగా ఉంది. కుడి చెయ్యి మాత్రం పొగలా చెదిరిపోయింది.

"చెయ్యేది బావా?"

"ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. షట్టర్ ఇంకా వేగంగా పెడితే చీకటి తప్ప ఏమీ మిగలదమ్మా."

ఆమె కెమెరాను ఎడమచేత్తో పట్టుకుని చూసింది.

"ఇదే ఉంచు. ఆగిపోయిన చెయ్యి రేపట్నించి రోజూ చూసేదేగా."

చొక్కా కుడి చేతి గుండీ ఎడమచేత్తో పెట్టుకోలేక ఆమె అవస్థ పడుతుంటే నేనే పెట్టాను. మణికట్టు వెచ్చగా ఉంది, ఇంకా అదురుతూనే ఉంది.