‘లేదు’కు గడువు

“ఇంత తేలికైపోయాక ఇది నువ్వు కూడా చేసెయ్యొచ్చు,” అన్నాడు మా ఆయన. నేనప్పుడు మరిగే నీళ్లలోంచి పాలసీసాలు పటకారుతో తీసి ఒక్కొక్కటీ బోర్లిస్తున్నాను. మొదట అది మెచ్చుకోలనే అనుకున్నాను. ఇంట్లో ఇంకో పని నా నెత్తిన పడిందని కాసేపటికి గానీ తెలియలేదు.

దుకాణాలు, బడులు, ఆసుపత్రుల వెబ్‌సైట్ల పేర్లు చూసుకోవడం ఆయన పని. ఎవరైనా ఫోన్లో ఒక పేరు కొడితే, ఆ సైటు ఏ యంత్రంలో ఉందో చెప్పే నంబరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. ఆ రాతల్నే డీఎన్ఎస్ రికార్డులంటారు. ఇదివరకు ఒక్కో సైటుకీ ఒక్కో ఫైలు ఉండేది. అందులో చిన్న తప్పు దొర్లినా సైటు మొత్తం పడుకునేది. అప్పుడది బుర్రతో చేసే పని. తలుపు వేసుకుని చేసేవాడు. పాప ఏడిస్తే, “ఇక్కడ బుర్ర పెట్టి చేస్తున్నాను, దాన్ని అవతలికి తీసుకుపో” అని లోపల్నుంచే కేకేసేవాడు. ఆ తర్వాత ఒక స్నేహితుడి సాయంతో ఆ ఫైళ్లన్నిటినీ డేటాబేస్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు అన్నీ ఒకే టేబుల్లో వరుసలు. ఒక గడిలో పేరు, పక్క గడిలో నంబరు, ఆ పక్కన ఆ జవాబును బయటి యంత్రాలు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువు. గళ్లు నింపి బటన్ నొక్కడమే. పని గళ్లలోకి దిగిందో లేదో, అందులోంచి బుర్ర తప్పుకుంది. చేతిపని అయిపోయింది. నాకొచ్చింది.

పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడం చేత్తో దాని రెండు చేతులూ పట్టుకుని, కుడి చేత్తో గళ్లు నింపడం అలవాటు చేసుకున్నాను. కస్టమర్లు ఫోన్ చేస్తే ఆయన “మా స్టాఫ్ చూస్తున్నారండీ” అనేవాడు. స్టాఫ్ ఆ సమయానికి పాపకి ముడ్డి కడుగుతూ ఉండేది. పక్కింటావిడ వస్తే మా అత్తగారు, “మా కోడలికేం, కంప్యూటర్ ముందు హాయిగా కూర్చుంటుంది. కూర్చుని చేసే పనీ ఒక పనేనా!” అనేవారు. నేను నవ్వేదాన్ని. నాకు ఆ నవ్వు ఒకటి వచ్చు, ఎక్కడైనా పనికొస్తుంది.

భయం మాత్రం పుట్టుకతోనే ఉంది. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. కట్టేసిన గ్యాసును మళ్లీ కట్టేస్తాను. ఏ పనైనా చేయకముందే అయిందేమో చూసుకునే రోగం ఒకటి. పాలు పొయ్యి మీద పెట్టకముందే పొంగాయేమో అని తొంగి చూసే రకం నేను. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆగిపోయిన దాన్ని, తెలియని పనిలో చెయ్యి పెట్టాను, నా వల్ల ఎవరి దుకాణం మూతపడుతుందో అని గుండె ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉండేది.

చివరికి ఆ రోగమే కొంప ముంచింది.

పిల్లల ఆసుపత్రి వాళ్లు టోకెన్లు ఇంటి దగ్గర్నుంచే తీసుకునేలా కొత్త పేజీ ఒకటి పెట్టారు. దానికో కొత్త పేరు. సోమవారం పొద్దున మొదలవ్వాలి. వాళ్ల కంప్యూటర్ గది చూసే మేడమ్ ఆదివారం మధ్యాహ్నం నంబరు పంపింది. మా ఆయన అది నాకు పంపేసి, “పెట్టెయ్” అని బయటికెళ్లాడు. నేను గళ్లు తెరవకముందే, ఊరికే, ఆ పేరు కొట్టి చూశాను. ముందే ఎవరైనా పెట్టేశారేమో, నేను మళ్లీ పెట్టి చెడగొడతానేమో అని. ఆ పేరుతో ఏదీ లేదని వచ్చింది. హమ్మయ్య అనుకుని వరుస పెట్టాను. మళ్లీ కొట్టి చూస్తే, లేదు. నంబరు ఒక్కో అంకే వేలు పెట్టి సరిచూశాను. అంతా సరిగ్గానే ఉంది. అయినా లేదు. వరుస తీసేసి మళ్లీ పెట్టాను. అప్పుడూ లేదు. ఆయనకి చెబితే, “ఒక్కోసారి టైం పడుతుందిలే, పీక్కోకు” అన్నాడు. నేను పీక్కుంటూనే ఉన్నాను.

సోమవారం పొద్దున మేడమ్ ఫోన్ చేసేసరికి ఆయన స్నానంలో ఉన్నాడు. నేనే ఎత్తాను.

“మా గదిలో తెరుచుకుంటోంది. కింద వరుసలో నిలబడ్డ తల్లుల ఫోన్లలో సగం మందికి తెరుచుకోవడం లేదు. టోకెన్ లేదని కౌంటర్ వాళ్లు వెనక్కి పంపుతున్నారు. ఎవరు పెట్టారు దీన్ని?”

“నేనే మేడమ్.”

“స్టాఫ్ అన్నారే మీవారు?”

“ఆ స్టాఫ్ నేనేనండీ.”

ఆవిడ గొంతు కాస్త తగ్గింది. “సరే అమ్మా, ఒకటి చెప్పు. వరుస పెట్టకముందు ఆ పేరు ఎప్పుడైనా కొట్టి చూశావా?”

తప్పు చేసినప్పుడు ఇంట్లో వాడే నవ్వు ఫోన్లో కనబడదు. “చూశానండీ. ముందే ఉందేమోనని.”

“అదీ సంగతి. నువ్వు అడిగినప్పుడు అది లేదు. మీ నెట్ కంపెనీ యంత్రం వచ్చి మీ టేబుల్ని అడిగింది, లేదని చెప్పించుకుంది, ఆ ‘లేదు’ను దాచిపెట్టుకుంది. ఇక ఆ నెట్ వాడేవాళ్లు ఎవరడిగినా మీ దాకా రాదు. తన దగ్గరున్న ‘లేదు’నే తీసి ఇస్తుంది. ఉన్న జవాబునే కాదమ్మా, లేదన్న జవాబును కూడా గుర్తుపెట్టుకుంటాయి ఇవి. దానికీ గడువుంటుంది. మా సైటుకి మీ టేబుల్లో మొదటి వరుస తీసి, చిట్టచివరి అంకె చూడు.”

చూశాను. రోజంతటికీ సరిపడా సెకన్లు. ఆ అంకె మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో, దేనికని ఒక్కసారీ అడగలేదు.

“పాత ఫైల్లోంచి అలాగే దింపేసినట్టున్నారు. ఇప్పుడు అది మార్చినా, వాళ్లు దాచుకున్నది పోదు. మధ్యాహ్నానికి దానంతటదే సర్దుకుంటుంది. అప్పటిదాకా కౌంటర్ దగ్గర చీటీలు రాయించి ఇప్పిస్తాలే. ఏడవకు.”

నేను ఏడుస్తున్నట్టు ఆవిడ చెప్పాకే నాకు తెలిసింది. జ్వరం పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడ్డ వాళ్లు కళ్లముందు కనబడ్డారు. వాళ్లకి కావలసింది ఉంది. సరైన నంబరుతో, సరైన గడిలో ఉంది. నేను తొందరపడి ఒకసారి ముందుగా అడిగాను కాబట్టి, అంతమందికి లేదు.

ఆ పూట పాపకి అన్నం పెడుతూ ఎంతసేపూ అదే ఆలోచన. నేను తొందరపడి అడగడం అది మొదటిసారి కాదు. పెళ్లిచూపుల్లో అందరూ అన్నారు, పెళ్లయ్యాక చదువుకోవచ్చు, మాకేం అభ్యంతరం అని. పెళ్లైన వారంలోనే, ఇంటినిండా చుట్టాలు బంతిలో కూర్చుని ఉండగా, నీళ్ల జగ్గు చేత్తో పట్టుకుని, “అత్తయ్యా, కాలేజీ ఎప్పుడు తెరుస్తారో కనుక్కోమంటారా?” అన్నాను. ఆవిడ విస్తరి వైపు చూస్తూనే, “ఇప్పుడు కాలేజీ ఏంటమ్మాయ్, లేదు లేదు, అటు నీళ్లు పొయ్యి” అన్నారు. అంతే. కోపంతో అన్నది కాదు. ఆలోచించి అన్నదీ కాదేమో. కానీ ఆ తర్వాత ఎవరైనా, “కోడలు చదువుతోందా?” అంటే ఆవిడ వెంటనే, “లేదండీ, మానేసింది” అనేవారు. ఆయన్ని అడిగితే, “లేదు, తనకి ఇంట్రస్ట్ లేదు.” మా అమ్మ కూడా ఎవరితోనో ఫోన్లో, “లేదు వదినా, దానికి చదువు మీద అంత ఇది లేదు” అనడం నా చెవులారా విన్నాను. ఆ మాట నా దగ్గర బయల్దేరలేదు. నన్ను అడగడానికీ ఎవరూ మళ్లీ నా దాకా రాలేదు.

మధ్యాహ్నానికి ఆ పేరు తెరుచుకుంది. నేను ముట్టుకోకుండానే. సాయంత్రం మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. తిడుతుందనుకుని పాపని గట్టిగా పట్టుకున్నాను.

“ఎంతవరకు చదివావు?”

చెప్పాను.

“మా గదిలో ఒక మనిషి కావాలి. పగటి పూటే. సిబ్బంది పిల్లల్ని చూసుకోవడానికి కింద అంతస్తులో గది ఉంది, మీ పాపని తెచ్చుకోవచ్చు. ఆగిపోయిన డిగ్రీ కూడా మేమే ఫీజు కట్టి పూర్తి చేయిస్తాం. తప్పు చేశావు, కానీ అడగ్గానే ఒప్పుకున్నావు. నాకు అలాంటి మనిషి కావాలి. వస్తావా?”

“లేదు మేడమ్, కుదరదు. మా ఇంట్లో ఒప్పుకోరు.”

“అడిగావా?”

“లేదండీ.”

“శుక్రవారం దాకా ఆగుతాను. అడిగి చెప్పు.”

ఆ వారం ఇంట్లో ఆ ప్రశ్నను మోసుకుని తిరిగాను. ఆయన భోంచేస్తుంటే, “ఏవండీ, ఒక మాట” అన్నాను. “మళ్లీ ఏ సైటు పడుకుంది?” అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే. ఏం లేదన్నాను. అత్తగారు ఆరిన బట్టలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని అందుకున్నాను. “అత్తయ్యా, పాప నన్నొదిలి పగలంతా ఉండగలదంటారా?” “ఉంటుంది ఉంటుంది! నువ్వు బాత్‌రూమ్‌కెళ్తేనే ఇల్లు పీకి పందిరేస్తుంది” అని నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వే. నిజానికి వాళ్లిద్దరూ నన్ను ఆపలేదు. నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి జవాబు వచ్చేస్తోంది. లేదు, ఒప్పుకోరు, ఎందుకు అడిగి అనిపించుకోవడం. ఎవరిదీ గొంతు అని చెవి పెట్టి విన్నాను. అత్తగారిది కాదు, ఆయనదీ కాదు. నాదే. ఎప్పుడో నీళ్ల జగ్గుతో నిలబడి విన్నదాన్ని నేనే దాచిపెట్టుకున్నాను. ఎవరడిగినా, ఆఖరికి నేనడిగినా, అదే తీసి ఇస్తున్నాను.

శుక్రవారం పొద్దున పాప నిద్రలో ఉండగా మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. కుదరదు మేడమ్, క్షమించండి. పెట్టేశాక ఎంత తేలికపడ్డానో చెబితే నాకే సిగ్గు. భయపడేవాళ్లకి అదో సుఖం, ఇక భయపడనక్కర్లేదు.

తర్వాతి వారం మా ఆయన ఆసుపత్రికి వెళ్లొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

“ఆవిడ నీకు ఉద్యోగం ఇస్తానందటగా! నువ్వే వద్దన్నావట! నాకొక్క మాట చెప్పలేదేం?”

నేను ఒళ్లో ఉన్న పాప మూతి తుడిచాను.

“నేనేమన్నా వద్దనేవాణ్ణా? అక్కడ నా ముఖం ఏం కావాలి? పెళ్లాన్ని కట్టేసుకున్నాడనుకోదూ ఆవిడ?”

లోపల్నుంచి వస్తూ అత్తగారు అందుకున్నారు. “మేమెప్పుడన్నా కాదన్నామా అమ్మాయ్? బంగారంలాంటి అవకాశం. అడిగితేగా మాకు తెలిసేది!”

“అయితే ఇప్పుడు అడుగుతున్నాను,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “మళ్లీ ఎక్కడైనా అవకాశమొస్తే వెళ్లనా?”

ఆయన ఒక చెప్పు విడిచి, రెండోది కాలికి ఉండగానే ఆగాడు. వాళ్లమ్మ వైపు చూశాడు. అత్తగారు పాప వైపు చూశారు.

“ఇప్పుడెందుకులే,” అన్నాడు. “పాప కాస్త పెద్దదవ్వనీ. అయినా నువ్వెళ్తే ఇక్కడ ఈ టేబుల్ ఎవరు చూస్తారు?”

ఆ సాయంత్రమే పక్కింటావిడతో అత్తగారు చెబుతున్నారు, గొంతులో కొంచెం గర్వంగా కూడా. “ఆసుపత్రిలో ఉద్యోగమిస్తామన్నారు మా కోడలికి. మేం వెళ్లమనే అన్నాం. తనే లేదంది.” ఇక నుంచి ఎవరడిగినా ఇదే జవాబు. దీన్ని ఎవరూ సరిచెయ్యలేరు. ఎందుకంటే ఇది అబద్ధం కూడా కాదు.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్కో సైటు మొదటి వరుసా తెరిచి, చిట్టచివరి గడిలో ఉన్న రోజంతటి గడువును కొట్టేసి అయిదు నిమిషాలు చేశాను. అన్నిటికీ. ఆయనకి చెప్పలేదు. ఈ ఇంట్లో నా చేతికందిన ‘లేదు’ అదొక్కటే.

పాప పక్క గదిలోంచి పాక్కుంటూ వచ్చి నా మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది. ఈ మధ్యే దానికి ఒక ఆట నేర్పారు అత్తగారు. ఎవరేమడిగినా రెండు అరచేతులూ తిప్పి ‘లేదు’ అనాలి; దానికి నోరు తిరగక “ఏదూ” అంటుంది. అది చూసి ఇంటికొచ్చిన వాళ్లంతా మురిసిపోతారు. దాని నోట్లో మొట్టమొదట పలికిన మాట అదే. ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని చేతులు పట్టుకోకుండా వదిలేశాను. కీబోర్డు దాని ముందే ఉంది.

“చిట్టెలుకా,” అన్నాను, “నువ్వు పెద్దయ్యాక—”

రెండు చేతులూ పైకెత్తింది. అరచేతులు రెండూ తిప్పింది.

“ఏదూ!”

హాల్లోంచి అత్తగారూ పక్కింటావిడా పకపకా నవ్వారు.

నేనింకా ఏమీ అడగనే లేదు.