ఏం కూర వండిన్రు, మేడం?

నేను బ్యాటరీ తీసేసిన ఒక పాత సెల్‌ఫోన్‌ను. ఇప్పుడు నా కాపురం ఒక అంగన్‌వాడీ కేంద్రంలో, బొమ్మల బుట్టలో. ఒక పక్క తోక ఊడిన ప్లాస్టిక్ ఏనుగు, ఇంకో పక్క చక్రాల్లేని లారీ. పిల్లలు వంతులేసుకుని నన్ను చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటారు. నేను ఎప్పుడో మూగబోయానని వాళ్లకు తెలియదు. మాట ఉన్న రోజుల్లో నేను చూసినవి అసలే తెలియవు. అందుకే మీకు చెబుతున్నాను.

ఏదో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో కలిసి పుట్టాను. కళ్లు తెరవకముందే అట్టపెట్టెలో పడుకోబెట్టారు. హనుమకొండ షాపులో నన్ను బయటికి తీసినవాడు తేజస్, ఇంటర్ చదివే కుర్రాడు. మొదటి వారం చొక్కా అంచుతో తుడిచి ముద్దు చేశాడు. ఆ తర్వాత మిర్చి బజ్జీ తిన్న చేతులే గతి అయ్యాయి.

ఆన్‌లైన్‌లో 'లెక్కల ముచ్చట్లు' అని ఒక గ్రూపు ఉండేది. ముక్కూ మొహం తెలియనివాళ్లు తీరిక చేసుకుని, పైసా ఆశించకుండా, చదువుకునేవాళ్లకు లెక్కల్లో దారి చూపేవారు. దాన్ని నడిపేది పిఠాపురంలో ఉండే భ్రమరాంబగారు. తేజస్ తన హోంవర్క్‌ను అడ్డంగా ఫోటో తీసి, సగం బొటనవేలే కనబడేలా, "అర్జెంట్, ఆన్సర్ ఫాస్ట్‌గా పెట్టండి" అని అందులో పడేసేవాడు. జవాబు రాగానే ప్రశ్న చెరిపేసేవాడు. థాంక్స్ అన్న ముక్క ఉండేది కాదు. అలాగని చెడ్డవాడేం కాదు, ఇంటికొచ్చిన కొరియర్ మనిషికి అడక్కుండానే మంచినీళ్లు ఇచ్చేవాడు. ఎదుటి మనిషి కంటికి ఆనకపోతే మర్యాద గుర్తుకు రాదు కాబోలు ఈ మనుషులకు.

"బాబూ, మేమిక్కడ జవాబుల కొట్టు పెట్టుకుని కూర్చోలేదండి" అని రాసి, భ్రమరాంబగారు ఒకరోజు వాడిని గ్రూపులోంచి తీసేశారు. వాడు ఉడుక్కుని నన్ను మంచం మీదికి విసిరాడు. గురి తప్పింది. నా అద్దం మీద అడ్డంగా గీత పడింది.

అలా సెకండ్ హ్యాండ్ షాపుకు చేరిన నన్ను కొనుక్కుంది స్వరూప. హుజూరాబాద్ దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ. అక్కడి టీచరు త్వరలో రిటైరవుతుంది. టెన్త్ పాసైతే ఆ పోస్టుకు స్వరూప దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓపెన్ స్కూల్లో అన్నీ గట్టెక్కింది గానీ, లెక్కలు మాత్రం తప్పింది. ఈసారి కూడా తప్పితే ఇంకెవరో టీచరుగా వస్తారు. తను ముక్కులు తుడిచి, అన్నం తినిపించిన పిల్లలకు అక్షరాలు దిద్దించాలన్న ఆశ అక్కడితో సరి.

ఎవరో చెబితే ఆమె కూడా అదే గ్రూపులో చేరింది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదటి సందేశం రాసింది. "నమస్తే మేడం. అందరు మంచిగున్నరా? తిన్నరా? ఏం కూర వండిన్రు?"

అంతే. లెక్క ఊసే లేదు. గడప తొక్కగానే పని చెప్పడం వాళ్ల ఊళ్లో మర్యాద కాదు. ముందు బాగోగులు అడగాలి, అవతలివాళ్లు 'ఏం పని మీద వచ్చినవ్?' అంటే అప్పుడు నోరు విప్పాలి. ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. మర్నాడూ అదే పలకరింపు, ఆ మర్నాడూ అదే. నాకు ప్రాణం ఉసూరుమనేది. తేజస్‌కు లేని మర్యాదంతా ఈమె దగ్గరే పోగైనట్టుంది.

చివరికి భ్రమరాంబగారు విసుక్కున్నారు. "ఏమండీ, రోజూ ఈ పలకరింపులేంటండి? లెక్క ఉంటే పెట్టండి, లేకపోతే తీసేస్తాను."

స్వరూప మొహం చిన్నబోయింది. "అయ్యో, అంగన్‌వాడీల ఆయమ్మను, ఎట్ల అడగాల్నో తెల్వలే మేడం" అని రాసి, పలక తుడిచి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో లెక్క దించి ఫోటో పంపింది. పదమూడు అడుగుల నిచ్చెన, గోడకు అయిదు అడుగుల దూరంలో కాలు. నిచ్చెన గోడను ఎంత ఎత్తులో తాకుతుంది?

"మీరెంతవరకు చేశారో చూపించండి."

"తప్పు వచ్చింది మేడం. తుడిచేసిన."

"అయ్యో, ఆ తప్పే కావాలండి నాకు! అది చూస్తేనే కదా మీరెక్కడ ఆగిపోయారో తెలిసేది."

స్వరూప పలకను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చుట్టాలొస్తే ఇల్లు సర్దినట్టు, బయటివాళ్లకు చూపేముందు పలక తుడవడం ఆమెకు అలవాటు. తప్పుల పలక చూపడమంటే మాసిన చీరతో పేరంటానికి వెళ్లడమే ఆమె దృష్టిలో. అయినా బలపం తీసుకుని తన తప్పును మొదటి నుంచి మళ్లీ రాసింది. నన్ను ఎత్తి దానికి ఎదురుగా పట్టుకుంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇంకెవరి మీదా కలగలేదు. నా పగిలిన అద్దంతోనే చేతనైనంత స్పష్టంగా ఆ పలకను చూపించాను.

పదమూడు వర్గం ఇరవై ఆరు, అయిదు వర్గం పది అని ఉంది దాని మీద.

భ్రమరాంబగారు కోప్పడలేదు, జవాబూ చెప్పలేదు. "మీ పిల్లల్ని అయిదు వరుసల్లో, వరుసకు అయిదుగురు చొప్పున కూర్చోబెడితే ఎంతమందండీ?" అని అడిగారు.

"ఇరవై అయిదు మంది."

"అయిదు వర్గమంటే అదేనండి."

స్వరూప నిద్రపోతున్న పిల్లల వైపు చూసింది. "ఓసి, గింతేనా!" అని పైకే అనేసింది. గబగబా చేసింది. నూట అరవై తొమ్మిదిలోంచి ఇరవై అయిదు పోతే నూట నలభై నాలుగు. అంటే పన్నెండు అడుగుల ఎత్తు! ఆ పలకను తుడవకుండానే ఫోటో తీసి పంపింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం తప్పులు వెళ్లేవి, ప్రశ్నలు తిరిగి వచ్చేవి. పరీక్షలు దగ్గరపడేసరికి నా బ్యాటరీ ఉబ్బి, వీపు లేచిపోయింది. స్వరూప రబ్బరు బ్యాండు వేసి లాక్కొచ్చింది. ఫలితాలు వచ్చేదాకా ఉంటే చాలనుకున్నాను.

ఉన్నాను. ఫలితాలు వచ్చిన రోజు ఆమె రాసింది. "లెక్కల్ల పాసైన మేడం. గ్రూపుల అందరికీ దండాలు."

అభినందనలు వరసగా వచ్చాయి. అన్నిటికన్నా ఆఖర్న పిఠాపురం నుంచి వచ్చింది.

"స్వరూపగారూ, ఈ గ్రూపులో ఏ ప్రశ్ననూ పట్టించుకోకుండా వదలకూడదన్నది నేను పెట్టిన నియమమేనండి. మీ మొదటి ప్రశ్నకు నేనే జవాబు చెప్పకుండా వదిలేశాను. ఇవాళ మా ఇంట్లో వంకాయ అల్లం కూరండి. మరి మీరేం వండారు?"

స్వరూప ఏడుస్తూ నవ్వుతూ "పప్పుచారు" అని కొట్టింది. ఆ మాటను పిఠాపురం చేర్చాకే నేను కన్ను మూశాను.