కుడిచేతి సంతకం

కుడిచెయ్యి, మళ్ళీ కుడిచెయ్యే, కోర్టు వరండాలో ఈ బల్ల మీద కూర్చుని ఒక్క క్షణం కళ్ళు మూశానో లేదో అదే ప్రత్యక్షం, కుడిచేత్తో కలం పట్టుకుని వీలునామా మీద సంతకం చేస్తున్న అన్నయ్య, చివరి గీత దగ్గర వేళ్ళు వణికి కలం కాస్త జారడం కూడా కనబడుతుంది, ఇంత వివరంగా కనబడే అబద్ధం లోకంలో ఇంకొకటి ఉంటుందా, మా అన్నయ్యది పుట్టుకతోనే ఎడమచేతి వాటం, కుడిచేత్తో పేరు రాయడం మాట దేవుడెరుగు, తిన్నగా సున్నా చుట్టడం కూడా రాదు, నాన్న కొట్టి చూశాడు, గుడ్డపీలికతో ఆ ఎడమచెయ్యి కుర్చీకి కట్టేసి చూశాడు, ఆయన గడప దాటగానే ముడి విప్పేదాన్ని నేనే, అందుకు లంచంగా పలక మీద నాకు పిల్లిబొమ్మలు వేసిచ్చేవాడు, వేస్తుంటే అరచేతి అంచు తగిలి వేసిన తోక వేసినట్టే చెరిగిపోయేది, నిన్న వకీలు చూపించిన వీలునామాలోనూ అంతే, సంతకం మీద సిరా అలుక్కుపోయి ఉంది, అది ఎడమచేత్తో పెట్టిందే, అందులో సందేహం లేదు, మరి నాకు కనబడేది కుడిచెయ్యి, అంటే నేను చూడలేదన్నమాట, కొలతలు తీసుకోకుండా కోటు కుట్టినట్టు నా మనసే ఏదో ఒకటి అల్లేసుకుంది.

చూడలేదు, ఆ ఒక్క మాట చాలట, వకీలు దాచకుండానే చెప్పాడు, సాక్షులిద్దరూ ఆయన సంతకం పెట్టడం కళ్ళారా చూసి ఉండాలమ్మా, పక్కింటి డాక్టరుగారు చూశానని చెప్పేశారు, మిగిలింది మీరు, మీరు కాదంటే ఈ కాగితం చెల్లదు, పెళ్ళాంబిడ్డలు లేని మనిషి కాబట్టి ఇల్లు చెల్లెలిగా మీకే వస్తుంది అని, అది విన్నప్పటినుంచీ మా ఆయన మొహం వెలిగిపోతోంది, పొద్దున కాఫీ తాగుతూ ఏమన్నాడు, హరిశ్చంద్రుడు నిజం చెప్పి రాజ్యం పోగొట్టుకున్నాడే, నీకు నిజం చెబితే ఇల్లొస్తుంది, ఇంతకంటే అదృష్టం ఉంటుందా అన్నాడు, నవ్వొచ్చింది కూడా, కానీ ఇల్లు పోయేది ఎవరికో నాకు తెలుసు, ఇదే బల్లకి ఆ చివర కూర్చుంది, పైగది ఆవిడ, పైగదిలోకి అద్దెకొచ్చి, అద్దె ఎప్పుడు ఆగిపోయిందో, కిందికి ఎప్పుడు దిగివచ్చిందో ఎవరికీ చెప్పకుండా అన్నయ్యకి తోడైపోయిన మనిషి, ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం, నా కుట్టుకొట్టు బోర్డు మీద కూడా రెండు తప్పులు చూపించింది ఒకసారి, అప్పటినుంచీ నాకు పడదు, నోరారా వదినా అని నేను ఎన్నడూ పిలిచింది లేదు, కానీ అన్నయ్య మంచం పట్టాక ఒంటికి పుండు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది ఆ సన్నటి చేతులే, నేను ఆదివారం పళ్ళు పట్టుకెళ్ళి చుట్టపుచూపుగా కూర్చుని వచ్చేదాన్ని, ఇల్లు మీకు రాకపోతే ఎక్కడికి పోతారమ్మా అని వకీలు ఆవిడని అడిగితే చూద్దాం లెండి అందట, చూద్దాం, ఏం చూస్తుంది, ఈ వయసులో మళ్ళీ అద్దెగదులు చూస్తుందా.

చూడమన్నాడు అన్నయ్య, ఇటు చూడవే అన్నాడు, నేనే చూడలేదు, ఆ మధ్యాహ్నం మందుల వాసనతో గది ఉక్కగా ఉంది, ఇల్లు ఆవిడకి రాస్తున్నానే, నీకేమైనా కష్టంగా ఉందా అన్నాడు, నాకెందుకుంటుంది అన్నయ్యా అన్నాను, పైకి అన్నానుగానీ లోపల భగ్గుమంది, మరి సాక్షిగా నేనే దొరికానా అంటే, నీకు నష్టం వచ్చే మాట నువ్వే చెబితే ఇంకెవరూ కాదనలేరే పిచ్చిదానా అని నవ్వాడు, ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది, డాక్టరుగారు అట్ట మీద కాగితం పెట్టి పట్టుకున్నారు, అన్నయ్య కలం మూత తీశాడు, నేను శాలువా కోసం అన్నట్టు గిరుక్కున తిరిగి బీరువా దగ్గరికి పోయాను, అది అమ్మ బీరువా, దాని ముందు నిలబెట్టి అమ్మ నాకు జడ వేస్తుంటే అన్నయ్య వెనక చేరి వెక్కిరించేవాడు, ఆ బీరువా పిడి పట్టుకుని నిలబడిపోయాను, ఇటు చూడవే అన్నాడు, నేను తిరగలేదు, రెండోసారి అనలేదు, అదే నన్ను తొలిచేస్తోంది, మంచినీళ్ళు కావాలన్నా పదిసార్లు పిలిచి ప్రాణం తీసే మనిషి ఆ రోజు ఒక్కసారి పిలిచి ఊరుకున్నాడు, తర్వాత డాక్టరుగారు వేలు పెట్టిన చోట నేనూ సంతకం గిలికేసి వచ్చేశాను, మళ్ళీ ఆదివారానికి అన్నయ్యకి మాట పడిపోయింది, కోపం వచ్చిందా అన్నయ్యా అని అడిగితే కళ్ళార్పాడు, అది అవునో కాదో ఎలా తెలుస్తుంది, ఆ తర్వాత ఇక అడగడానికి మనిషే లేడు, ఇప్పుడు కొట్లో మిషను తొక్కుతుంటే వెనకనుంచి ఇటు చూడవే అని వినబడుతుంది, గిరాకీ వచ్చిందేమో అని తిరిగితే ఎవరూ ఉండరు, కొక్కేలకి వేలాడే కోట్లు, వాటిలో ఒకదాని ఎడమచెయ్యి మెల్లగా ఊగుతూ ఉంటుంది, ఫ్యాను గాలికే, అని నాకు నేనే చెప్పుకుంటాను, నాకు భయం, అన్నయ్య అంటే నాకు భయం వేస్తోంది, ఎంత పాపిష్టి మాట.

బంట్రోతు పిలిచాడు, నన్నే, లేచాను, చూడలేదని చెబుతాను, అదే నిజం, నిజం చెబితే పాపమేముంది, గది తలుపుకి పెద్ద నల్లద్దం, అందులో నేను, నా వెనకే లేచి వస్తూ పైగది ఆవిడ, కుడి భుజానికి సంచీ, ఆ సంచీ బరువుకి కుడి భుజం దిగిపోయింది, మంచినీళ్ళు తాగి వెళ్ళండి, గొంతు ఆరిపోతుంది అంటూ సీసా చాపింది, తీసుకుందామని వెనక్కి తిరిగాను, సంచీ ఎడమ భుజానికి ఉంది, అవును, ఎడమకే ఉంటుంది, బతుకంతా ఇదేగా నా పని, గిరాకీ అద్దంలో తన బొమ్మని చూసుకుని కుడి భుజం ఎత్తుగా ఉందమ్మా అంటాడు, నేను ఎడమ భుజం దగ్గర పిన్ను గుచ్చుతాను, అద్దంలో చూసిన కుడి ఎడమని ఆలోచించకుండానే సర్దుకునే చేతులు ఇవి, మరి ఆ చెయ్యి, ఆ కుడిచెయ్యి, అమ్మ బీరువా తలుపుకి నిలువుటద్దం, జడ వేయించుకుంటూ వెనక అన్నయ్య వెక్కిరింతలు చూసింది ఆ అద్దంలోనే కదా, అయ్యో, నేను కల్పించుకోలేదు, చూశాను, వేళ్ళు వణకడం చూశాను, కలం జారడం చూశాను, అంతా చూసి, ఇల్లు నాకు రాలేదన్న ఉక్రోషంతో చూడలేదని నన్ను నేనే నమ్మించుకున్నాను.

మీ పేరు, ఆయనకి మీరేమవుతారు, చెల్లెలినండీ, ఈ సంతకం ఆయన పెడుతుండగా మీరు చూశారా, ఎవరో దగ్గారు, ఫ్యాను కిర్రుమంటోంది, గది మూల గోడకి ఆనుకుని ఆవిడ నిలబడింది, నీళ్ళసీసా ఇంకా నా చేతిలోనే ఉంది, ఇల్లు పోతుంది, పోనీ, బాధగానే ఉంది, అయినా పోనీ, ఇప్పుడు కళ్ళు మూస్తే చెయ్యి ఒక్కటే కాదు, చెయ్యి పైన మొహం కూడా కనబడుతోంది, ఇటు చూడవే అని తలెత్తాడు, నేను తిరగలేదు, కానీ అద్దంలో నా కళ్ళు ఆయన కళ్ళని పట్టుకున్నాయి, చిన్నప్పటిలాగే మూతి ఓ పక్కకి వంకర తిప్పి వెక్కిరించి, తల దించుకుని సంతకం పెట్టుకున్నాడు, ఇక రెండోసారి ఎందుకు పిలుస్తాడు, కోపం కాదు, చెల్లెలు చూస్తోందని తెలిసే పిలవలేదు, చూశానండీ అన్నాను, బీరువా అద్దంలో చూశాను, ఆయన కూడా నన్ను చూశాడు.